తుప్పుకు బిగుసుకున్న బోల్టులు, అరిగిన తలలు: పాత లారీ విప్పేటప్పుడు ఏది కొయ్యాలి, ఏది కాపాడాలి

మీరు రాసినదాన్ని బట్టి బండి టాటా 1210 ఎస్ఈ. చాలాకాలం భీమవరం వైపు చేపల లోడు తిప్పింది, తర్వాత ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే నిలబడింది. ఇంజను, గేర్‌బాక్సు, వెనక హౌసింగు (వెనక ఇరుసు పెట్టె), కమాను కట్టలు విడిగా అమ్మి, మిగతాది తూకానికి వేద్దామని మీ ఆలోచన. కింద బోల్టుల తలలు సగం గుండ్రంగా అరిగిపోయాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టడ్లు (పొగ గొట్టాన్ని ఇంజను హెడ్డుకు పట్టించే తల లేని బోల్టులు) రెండు విరిగాయి, వాటిలో ఒకదాంట్లో ఈజీ ఔట్ (విరిగిన బోల్టును లోపల్నుంచి కరిచి తీసే పనిముట్టు) కూడా విరిగి ఉండిపోయింది. ఇప్పుడేం చెయ్యాలని అడిగారు.

పానాకు పైపు తగిలించే ముందు ఏది దక్కాలో తేల్చుకోకపోవడం వల్లే ఈ పనిలో ఎక్కువ నష్టం. బోల్టు ఎప్పుడూ చవకే. దాన్ని కాపాడబోతే పక్కనున్న ఖరీదైన పోత (పోత ఇనుప భాగం) పగులుతుంది. అందుకని పానా కన్నా ముందు సుద్దముక్క పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. బోల్టు ఇటునుంచి దూరి అవతల నట్టుతో బిగిసిందైతే దాని పక్కన అడ్డగీత గీయండి. నేరుగా బ్లాకులోనో, హెడ్డులోనో, హౌసింగు పోతలోనో వేసిన మరలో బిగిసిందైతే సున్నా చుట్టండి. అడ్డగీతవన్నీ కోసేయొచ్చు. పానాకు రాకపోతే వాటి మీద పది నిమిషాలకు మించి పెట్టకండి. ఓపిక, నూనె, వేడి అన్నీ సున్నాల కోసం దాచుకోండి. లారీలో సున్నాలు తక్కువ, గీతలే ఎక్కువ. యూ బోల్టులు, బాడీ క్లాంపులు, క్రాస్ మెంబరు బోల్టులు, బంపరు, మడ్‌గార్డులు, ట్యాంకు బ్రాకెట్లు, క్యాబిన్ మౌంటింగులు అన్నీ గీతల కిందికే వస్తాయి.

చేపల బండి కాబట్టి తుప్పు ఎక్కడ ఎక్కువో ముందే చెప్పొచ్చు. ఐసు కరిగిన ఉప్పు నీళ్లు బాడీ పలకల సందుల్లోంచి కారి వెనక క్రాస్ మెంబర్ల మీద, వెనక కమాను హ్యాంగర్ల మీద, హౌసింగు పైభాగం మీద పడతాయి. ముందుభాగం బోల్టులకు ఇంజను ఆయిలు చెమ్మ తగులుతూ ఉంటుంది కాబట్టి అవి చాలావరకు పానాకే వస్తాయి. యూరియా, పొటాష్ మోసిన బండ్లదీ ఇదే కథ. ఇనుము తుప్పుగా మారితే అది పట్టే చోటు రెండింతలకు పైనే అవుతుంది. మరల మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ ఖాళీలో తుప్పు ఉబ్బి నట్టునూ బోల్టునూ లోపల్నుంచే బిగించేస్తుంది. పైన కనిపించే తుప్పు ఎంత భయంకరంగా ఉన్నా దాన్ని చూసి అంచనా వేయకండి. పైన పొరలు లేచిన బోల్టు సులువుగా వచ్చి, రంగు చెక్కుచెదరనిది విరగడం మామూలే.

సైజు, పానా

తలలు అరగడానికి సగం కారణం సరిపోని పానా. టాటా లారీలు జర్మనీ బెంజి కంపెనీ ఒప్పందంతో మొదలయ్యాయి (1954 నుంచి 1969 దాకా సాగింది), అందుకే మెట్రిక్ (మిల్లీమీటర్ల) మరలు. ఆ పాత జర్మన్ లెక్కలో ఎం8 కి, అంటే 8 మి.మీ. మందం బోల్టుకు, 13 మి.మీ. పానా, ఎం10 కి 17, ఎం12 కి 19, ఎం14 కి 22, ఎం16 కి 24, ఎం18 కి 27, ఎం20 కి 30. ఇప్పుడు దొరికే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) బోల్టులకు ఎం10 కి 16, ఎం12 కి 18, ఎం14 కి 21. అంటే మధ్యలో ఎవరో మార్చిన ఎం12 బోల్టుకు 18 తల ఉండొచ్చు. పక్కనున్నవన్నీ 19 కదా అని దానికీ 19 తగిలించి పైపు వేస్తే మూలలు లేచిపోతాయి. తుప్పు పొర రాల్చాక తల ఇంకో అర మిల్లీమీటరు చిక్కి ఉంటుంది కూడా. వెర్నియరు పెట్టి కొలవడానికి పది సెకన్లు పడుతుంది.

ఈ సమాధానం అశోక్ లేలాండ్ లారీలు విప్పేవాళ్లు కూడా చదవొచ్చు కాబట్టి వాళ్లకో మాట. పాత లేలాండ్లలో అంగుళాల బోల్టులు ఉంటాయి. 7/8 అంగుళం తల అంటే 22.2 మి.మీ. దానికి 22 ఎక్కదు, 24 ఎక్కి ఊరికే తిరుగుతుంది. 3/4 తలకు మాత్రం 19 ఎలాగో సరిపోతుంది. ఆ పాత బండ్లలో కొన్నిటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. స్టడ్డు చివర ఎల్ అని కొట్టి ఉందేమో తుడిచి చూడండి, లేకపోతే విప్పుతున్నాననుకుని బిగిస్తూ కూర్చుంటారు.

పానా విషయంలో ఆరు మూలల సాకెట్టే వాడండి. పన్నెండు మూలల రింగు తల కొసల్ని మాత్రమే పట్టుకుంటుంది, ఆరు మూలలది చదును భాగాన్ని నొక్కుతుంది. డీఈ పానాతో (రెండు కొసలా తెరిచిన నోరు ఉన్నది) తుప్పు బోల్టు జోలికి వెళ్లకండి, దాని నోరు విచ్చుకుని తల జారుతుంది. సాకెట్టు పెట్టే ముందు తల చుట్టూ మట్టి, రంగు, తుప్పు పెళ్లలు పాత ఉలితో రాల్చి వైర్ బ్రష్ కొట్టండి. సాకెట్టును సుత్తితో రెండు దెబ్బలు కొట్టి అడుగుదాకా దింపండి. పైపైన సగం లోతులో పట్టుకున్న సాకెట్టు తల అంచును గీకేస్తుంది.

నూనె, ఆ తర్వాత బలం

తుప్పు వదిలించే స్ప్రేలలో పెనిట్రేటింగ్ అని రాసినదే కొనండి. మామూలు డబ్ల్యూడీ-40 నీటిని తోలడానికి పుట్టింది, తేలికపాటి తుప్పుకు పనికొస్తుంది గానీ ఇలాంటి బండికి చాలదు. చవకైన దారి ఏమిటంటే అసిటోన్, పవర్ స్టీరింగు ఆయిలు చెరి సగం. ఈ రెండూ కలిసి ఉండవు, పోసిన ప్రతిసారీ సీసా కుదపాలి. అసిటోన్ రబ్బరునూ రంగునూ తింటుంది, నిప్పు రవ్వకు భగ్గుమంటుంది. అది రాసినచోట గంటలోపు గ్రైండరు గానీ గ్యాసు గానీ పెట్టకండి. ఉత్త డీజిలు కూడా పనిచేస్తుంది, రెండు రోజులు టైమిస్తే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బ్రష్‌తో పట్టించండి. రాసిన ప్రతిసారీ తల మీద ఉలిలాంటి మొద్దు పంచి పెట్టి అరకిలో సుత్తితో గట్టిగా నాలుగైదు దెబ్బలు వెయ్యండి. ఆ అదురుకు తుప్పు చిట్లి సన్నటి బీటలు పడతాయి, నూనె వాటిలోంచి లోపలికి దిగుతుంది. దెబ్బలు లేకుండా ఎంత నూనె పోసినా కింద నేల నానుతుంది, అంతే.

ఇక తిప్పడం. అరవై కిలోల మనిషి మీటరు పైపు చివర వేలాడితే దాదాపు 590 న్యూటన్ మీటర్ల తిప్పే బలం పడుతుంది. 8.8 గ్రేడు (బోల్టు బలం గుర్తు) ఎం12 బోల్టును బిగించేది 80 చిల్లరకు, ఎం10 ను 50 లోపు. ఆ పైపు కింద ఎం12 ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీటరు పైపు ఎం18, ఆ పైవాటికే. ఎం10, ఎం12 లకు అరమీటరు టామీ రాడ్డు మించి వద్దు.

మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు చిన్నగా ఒక జెర్కు ఇవ్వండి. తుప్పు పట్టు ఆ వైపు సులువుగా తెగుతుంది. తర్వాత విప్పే వైపు. కదిలితే ఏకధాటిగా లాగేయకండి. అర చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి, నూనె, మళ్లీ అర చుట్టు. విప్పుతున్నకొద్దీ బిగుస్తోందంటే మరల్లో తుప్పు పొడి ముద్దకట్టిందన్నమాట. వెనక్కి తిప్పి ఆ పొడిని బయటికి రానివ్వాలి.

బోల్టు వస్తోందో, మెలితిరుగుతోందో చేతికి తెలుస్తుంది గానీ, కొత్త చేతికి ఒక గుర్తు ఉంటే మంచిది. నట్టు దాటి బయటికొచ్చిన బోల్టు కొన మీద సుద్దతో ఒక గీత గీయండి, తల మీద అదే దిశలో ఇంకోటి. నట్టును కదలకుండా పట్టి తల తిప్పుతున్నప్పుడు కొన మీది గీత కూడా తిరిగితే బోల్టు వస్తోంది. తల ఇరవై డిగ్రీలు తిరిగినా కొన కదలకపోతే మధ్యలో కాడ మెలిపడుతోంది, ఇంకో పావు చుట్టుకు తెగుతుంది. మంచి బోల్టు మొదట కదిలేటప్పుడు "టక్" మని ఒక చప్పుడు, ఆ తర్వాత కిర్రుమంటూ వస్తుంది. చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరు లాగినట్టు తిరుగుతుంటే అక్కడే ఆపండి. గీత బోల్టయితే తెగనివ్వండి, మంచిదే. సున్నా బోల్టయితే వేడి దగ్గరికి వెళ్లాలి.

అరిగిన తలలు

గుండ్రమైన తలకు మొదటి మందు ఒక సైజు చిన్న సాకెట్టు. 19 తలకు ఆరు మూలల 18, 24 తలకు 15/16 అంగుళం (అది 23.8). పాత సాకెట్టునే తీసుకోండి, సుత్తితో కొట్టి ఎక్కించాలి కాబట్టి లోపల చీలొచ్చు. అంతకన్నా అరిగితే గ్రైండరుతో రెండు ఎదురెదురు చదునులు తీసి పెద్ద రెంచి పట్టించండి. పైపు రెంచి కూడా పడుతుంది, దాని పళ్లు తిప్పే వైపుకు కరిచేలా పెట్టాలి.

ఇవేవీ పట్టకపోతే తల మీద ఒక పెద్ద నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డింగు చెయ్యండి. పట్టు దొరకడం ఒక లాభం, ఆ వేడి బోల్టులోకి దిగడం అంతకన్నా పెద్ద లాభం. వెల్డింగుకు ముందు బ్యాటరీ టెర్మినళ్లు తీసెయ్యండి, ఎర్తు క్లిప్పు ఆ బోల్టుకు జానెడు దూరంలోనే కరిపించండి. ఎర్తు ఎక్కడో చాసిస్‌కు ఇచ్చి హౌసింగు మీద వెల్డింగు చేస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి మీద మచ్చలు పెడుతుంది. ఆ హౌసింగే కదా మీరు అమ్మబోయేది.

క్యాబిన్ తలుపు హింజీల స్క్రూలకు మామూలు స్క్రూ డ్రైవరు పెట్టకండి. సుత్తితో కొట్టే ఇంపాక్టు డ్రైవరు పెట్టండి. దెబ్బ పడినప్పుడే అది తిరుగుతుంది కాబట్టి గాడి చెరగదు. బాడీ చెక్క పలకల్లోని గుండు తల బోల్టులు వేరే తలనొప్పి. తల కింది నలుచదరపు మెడ పట్టుకునే చెక్క కుళ్లిపోయి ఉంటుంది, నట్టు తిప్పితే బోల్టంతా తిరుగుతుంది. వాటితో కుస్తీ పట్టక కింది నుంచి నట్టు కోసెయ్యండి.

మంట పెట్టే ముందు

గ్యాసు ముట్టించే ముందే డీజిలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఆవిరి మిగిలి ఉంటుంది. గాలి ట్యాంకుల డ్రెయిన్లు తెరిచి గాలి మొత్తం వదలండి. టైర్లున్న చక్రం మీద, దాని నట్ల మీద మంట పెట్టొద్దు. చక్రం వేడెక్కితే లోపలి రబ్బరు ఉడికి గ్యాసు పుట్టి టైరు పేలుతుంది, గాలి తగ్గించి ఉంచినా నమ్మకం లేదు. లాక్ రింగు ఉన్న రిమ్ములైతే నట్లు సడలించకముందే లోపలి టైరుకూ బయటి టైరుకూ వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయండి. తుప్పు తిన్న రింగు నట్ల ఒత్తిడి తగ్గగానే ఎగిరొస్తుంది, ఎదురుగా ఉన్నవాడు బతకడు.

మీ 1210 కి వర్తించకపోవచ్చు గానీ, కొత్త మోడళ్లలో వెనక చక్రాల దగ్గర స్ప్రింగ్ బ్రేకు చాంబర్లు ఉంటాయి, డబ్బాల్లా రెండు అరలతో. వాటి నడుము చుట్టూ ఉన్న క్లాంపు బోల్టులు ఎంత తుప్పుపట్టి చేతికి వచ్చేలా కనిపించినా ముట్టుకోవద్దు, గ్యాసు అసలే పెట్టొద్దు. లోపల నలిగి ఉన్న స్ప్రింగు బయటికొస్తే తూటా లాంటిదే. దాని కేజింగ్ బోల్టు వేసి స్ప్రింగును బంధించాక చాంబరును మొత్తంగా దించాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము తీశాక గాలి కొట్టి దులపకండి. తడిగుడ్డతో తుడవండి.

వేడి ఎలా పనిచేస్తుంది

వేడి చేయాల్సింది నట్టును, లేదా మర ఉన్న పోతను. బోల్టును కాదు. ఎం20 నట్టును దాని బోల్టు కన్నా 500 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే నట్టు రంధ్రం సుమారు 0.12 మి.మీ. విచ్చుకుంటుంది. చిన్న అంకెలా కనిపించినా తుప్పు పట్టు విడిపోవడానికి అది చాలు. అందుకే తొందరగా, ఒక్క నట్టు మీదే మంట పెట్టి మసక ఎరుపు రాగానే తిప్పాలి. మంట చిన్నదిగా పెట్టి పది నిమిషాలు కాలిస్తే బోల్టు కూడా అంతే వేడెక్కి రెండూ కలిసి వ్యాకోచిస్తాయి, ఫలితం సున్నా. ఎల్పీజీ చేతి టార్చి ఎం10 దాకా సరిపోతుంది. ఎం16 పైన ఆక్సిజన్ ఉన్న టార్చే కావాలి.

ఎర్రగా చేయలేని చోట, అంటే పక్కన సీలో రబ్బరో ఉన్నచోట, కొవ్వొత్తి వాడండి. నట్టును చుక్క నీళ్లు వేస్తే చుర్రుమనేంత వేడి చేసి కొవ్వొత్తిని మర మొదట్లో రుద్దండి. మైనం నీళ్లలా కరిగి లోపలికి పీల్చుకుపోతుంది. చల్లారనిచ్చి, మళ్లీ వేడి చేసి తిప్పండి. మొండి స్టడ్లు ఇలా మూడోసారికో నాలుగోసారికో వదిలేస్తాయి. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద మాత్రం నీళ్లు పోయకండి, టప్పున పగులుతుంది. ఒకసారి ఎర్రబడిన 8.8, 10.9 బోల్టులు గట్టిదనం పోగొట్టుకుంటాయి, ఇంకో బండికి వాడకుండా తూకంలో వేసెయ్యండి. కమాను కట్టలకు కూడా మంట తగలనివ్వొద్దు. నీలిరంగు మచ్చ పడిన కమాను ఆకు దగ్గర గట్టిదనం పోయి అక్కడే విరుగుతుంది, కొనేవాడు ఆ మచ్చ చూసి ధర సగానికి దించుతాడు.

కోయడం

గీత బోల్టులకు 4 అంగుళాల గ్రైండరు, 1.2 మి.మీ. కటింగు డిస్కు. గార్డు తీయకండి. సందు చాలక చాలామంది తీస్తారు, ఈ పనిలో డిస్కు ఇరుక్కుని ముక్కలయ్యేది కూడా సరిగ్గా ఆ సందుల్లోనే. నట్టు వైపు నుంచి కోస్తే సులువు. నట్టు ఒక చదునును మర కనిపించేదాకా అరగదీసి, ఆ పల్చటి గోడలో ఉలి పెట్టి ఒక దెబ్బ కొడితే నట్టు విచ్చుకుంటుంది, బోల్టు మరలు కూడా దక్కుతాయి. స్టడ్డు కాపాడాలనుకున్నచోట ఇదే దారి.

క్యాబిన్ మౌంటింగుల్లో, షాకబ్జార్బర్ల దగ్గర నట్టు వచ్చేసినా బోల్టు రాదు. అది రబ్బరు బుష్షులోని ఇనుప గొట్టంతో కలిసి తుప్పుపట్టి ఒకటైపోయి ఉంటుంది. సమ్మెటతో కొడితే రబ్బరు ఊగి దెబ్బను మింగేస్తుంది, గంటసేపు కొట్టినా అంగుళం కదలదు. బుష్షుకూ బ్రాకెట్టుకూ మధ్యనున్న సందులో రెండువైపులా హాక్సా బ్లేడుతో కోసెయ్యండి. గ్యాసు పెడితే రబ్బరు అంటుకుని పొగ కమ్మేస్తుంది.

యూ బోల్టులు విప్పే ప్రయత్నమే వద్దు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, మళ్లీ వాడకూడదు, కాబట్టి వాటికి అమ్మకం విలువ లేదు. ముందు చాసిస్‌ను జాకీతో లేపి గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి, హౌసింగు కింద వేరే ఆసరా ఇవ్వండి, చక్రాలకు అడ్డుకట్టలు వెయ్యండి. కమాను మీద బరువు పూర్తిగా తగ్గిందని చూసుకున్నాక యూ బోల్టు కాళ్లను వాటి పళ్లెం కింది నుంచి గ్రైండరుతో కోయండి. ఆకులకు దగ్గరగా మంట పెట్టొద్దని పైన చెప్పాను. ఆకులన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తీసే ముందు కట్టను రెండు సీ క్లాంపులతో బంధించాలి. లేకపోతే వంపులు వేరువేరుగా ఉన్న ఆకులు ఒక్కసారి విచ్చుకుంటాయి.

కమాను పిన్నులు రావడం లేదని సమ్మెటలు విరగ్గొట్టే ముందు బ్రాకెట్టు పక్కన అడ్డంగా దూరిన లాక్ బోల్టు తీశారో లేదో చూడండి. అది పిన్ను గాడిలో కూర్చుని ఉంటుంది, మట్టి కింద కనబడదు. అది తీశాక గ్రీజు నిపుల్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిలు పట్టించండి. నూనె సరిగ్గా తుప్పు ఉన్నచోటికే చేరుతుంది.

చాసిస్ క్రాస్ మెంబర్లు చాలావరకు రివిట్లతో ఉంటాయి. తలను గ్రైండరుతో అరగదీసి, నడుమ పంచి గుర్తు పెట్టి, రివిట్టు మందంలో సగానికి పైగా డ్రిల్లు చేసి, పంచితో గెంటండి. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండరు గానీ మంట గానీ తగలనివ్వకండి. బండి ఇక వాడకానికి పనికిరాదని మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. తుక్కు చేయడానికి రిజిస్టరైన కేంద్రాల నిబంధనలు 2021 లో వచ్చాయి, చాసిస్ కోసేముందే ఆ కాగితాల సంగతి ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

మానిఫోల్డు స్టడ్లు

ఈజీ ఔట్ లేని స్టడ్డు ముందు. ఎగ్జాస్టు స్టడ్లు ఏళ్ల తరబడి కాలి చల్లారి పోతతో అతుక్కుపోతాయి, వీటికి నూనె ఒక్కటే ఎప్పుడూ చాలదు. స్టడ్డు ఎం10 అనుకుందాం. మూడు నాలుగు మిల్లీమీటర్లు బయట మిగిలి ఉంటే దాని మీద ఎం12 నట్టు పెట్టండి. రంధ్రం పెద్దదిగా ఉంటేనే రాడ్డు కొన స్టడ్డు దాకా దిగుతుంది. జింకు పూత లేని నల్ల నట్టు వాడండి, పూత ఉంటే వెల్డింగు పొంగుతుంది, ఆ పొగ జ్వరం తెస్తుంది. 2.5 మి.మీ. రాడ్డు, 80 ఆంపియర్ల దగ్గర పెట్టి, స్టడ్డు నడుమ ఆర్కు మొదలుపెట్టి చుట్టూ తిప్పుతూ నట్టు నింపండి. స్టడ్డు అంచుతో సమానంగా విరిగి ఉంటే మొదట స్టడ్డుకు సరిపోయే వాషరు పెట్టి దాన్ని అంటించి, వాషరు మీద నట్టు అంటించండి. లోపలికి విరిగితే రంధ్రం నడుమ చుక్క మీద చుక్క పేర్చుతూ పైకి తెచ్చాక నట్టు. వెల్డింగు లోహం పోత ఇనుము గోడకు సరిగా అంటదు, ఆ గుణమే ఇక్కడ మనకు కలిసొస్తుంది.

వెల్డింగు అవగానే తిప్పకండి, ఎర్రగా ఉన్న అతుకు మెత్తగా తెగిపోతుంది. నట్టు ఎరుపు పోయి కొవ్వొత్తి ముట్టిస్తే కరుగుతుంది గానీ పొగ రాని వేడికి చేరాక, మైనం రుద్ది, కొంచెం బిగించి కొంచెం విప్పుతూ ఊపండి. నట్టు ఊడొస్తే మళ్లీ పెట్టండి. ప్రతి వెల్డింగుతోనూ స్టడ్డు ఒకసారి ఉబ్బి ముడుచుకుంటుంది, పట్టు ఇంకాస్త వదులవుతుంది. రెండుసార్లు ఊడిందని వదిలేయాల్సిన పని లేదు.

ఇక ఈజీ ఔట్. తుప్పుకు విరిగిన స్టడ్డులో దాన్ని పెట్టడమే దండగ. పానాకు తట్టుకోలేక విరిగిన ఎం10 స్టడ్డు, అందులో సగం మందం ఉన్న ఈజీ ఔట్‌కు ఎలా వస్తుంది? పైగా మెలికల రకం లోపలికి దిగుతూ స్టడ్డును వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది. తల తెగింది గానీ మర వదులుగా ఉంది అన్నచోటే అది పనికొస్తుంది. ఇప్పుడు లోపలున్న ముక్క చాలా గట్టిది, మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద పడి కాలిపోతుంది, లేదా పక్కకు జారి మెత్తటి పోతను తినేస్తుంది. కాబట్టి డ్రిల్లు పక్కన పెట్టండి. గట్టిదే గానీ పెళుసు. సన్నటి గట్టి పంచి పెట్టి చిన్న సుత్తితో టకటకా కొడితే కొన్నిసార్లు ముక్కలవుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. ముక్కల్ని అయస్కాంతంతో ఏరేసి, పైన చెప్పిన నట్టు వెల్డింగు చెయ్యండి. అలా పగలకపోతే డై గ్రైండరుకు కార్బైడ్ బర్ పెట్టి నెమ్మదిగా అరగదీయాలి. అదీ కుదరకపోతే హెడ్డు దించి స్పార్క్ ఎరోజన్ మిషను (కరెంటు రవ్వలతో లోహాన్ని తినే మిషను) ఉన్న టూల్ రూముకు తీసుకెళ్లండి, హైదరాబాదు బాలానగర్ వైపు అలాంటి పని చేసేవాళ్లు ఉన్నారు. అది ఈజీ ఔట్‌ను పోతకు దెబ్బ తగలకుండా తినేస్తుంది. ఖర్చు అడిగాక హెడ్డు ధరతో పోల్చుకోండి. హెడ్డుకు ఎలాగూ పగులు ఉంటే ఈ శ్రమంతా వద్దు.

డ్రిల్లు తప్పని స్టడ్లు ఒకటో రెండో మిగులుతాయి. విరిగిన ముఖాన్ని ముందు చదును చెయ్యాలి. ఏటవాలు ముఖం మీద పంచి ఎంత జాగ్రత్తగా పెట్టినా బిట్టు జారుతుంది. నడుమ పంచి గుర్తు, 3 మి.మీ. పైలట్ రంధ్రం, తర్వాత 5, తర్వాత మర డ్రిల్లు సైజు (మర కోసే ముందు వేసే రంధ్రం సైజు). ఎం8 కి 6.8, ఎం10 కి 8.5, ఎం12 కి 10.2, ఎం16 కి 14. ఎడమ వైపు తిరిగే బిట్లు దొరికితే అవే వాడండి, ఒక్కోసారి సగం లోతులో బిట్టు కరిచి స్టడ్డు దానంతటదే బయటికి తిరిగొచ్చేస్తుంది. 10 మి.మీ. బిట్టుకు నిమిషానికి 450 నుంచి 500 చుట్లు చాలు. చేతి డ్రిల్లును ఫుల్లు స్పీడులో పెడితే బిట్టు అంచు నీలమవుతుంది, ఆ వేడికి అడుగు కూడా గట్టిపడి ఇక దిగదు. కోత నూనె వేస్తూ ఒత్తిడి పెంచండి, వేగం తగ్గించండి. నడుమ కుదిరితే చివర్లో మరల మధ్య స్ప్రింగు చుట్టలా సన్నటి ముక్క మిగులుతుంది, దాన్ని సూదిమొన పంచితో లోపలికి వంచి పటకారుతో లాగేయొచ్చు. పక్కకు పోయి మర తెగితే హెలికాయిల్ (చెడిన మర చోట కొత్త మరగా దింపే తీగ చుట్ట) కిట్టు ఉంది. దాని డ్రిల్లు, ట్యాపు (మర కోసే పనిముట్టు) ఆ కిట్టులోవే వాడాలి, మామూలు ఎం10 ట్యాపు సరిపోదు.

బ్రేకు పైపుల ఫ్లేరు నట్లకు, బ్లీడరు నిపుల్స్‌కు (బ్రేకు ఆయిలులోని గాలి వదిలే చిన్న మరలు) ఒక చిట్కాతో సరిపోతుంది. పైపు ఎలాగూ తుక్కే కాబట్టి నట్టు మొదట్లో పైపు కోసేసి ఆరు మూలల లోతు సాకెట్టు దింపండి. డీఈ పానాతో గుండ్రమయ్యే నట్లన్నీ దీనికి వచ్చేస్తాయి. నిపుల్ అయితే దాని రంధ్రంలో సరిపోయే డ్రిల్లు బిట్టు కాడను దూర్చి తిప్పండి, లోపలికి నలిగిపోకుండా ఉంటుంది.

అమ్మబోయే హెడ్డు, హౌసింగు రంధ్రాల్లో అదే సైజు ట్యాపు ఒకసారి నూనెతో చేత్తో నడిపి తుప్పు పొడి దులపండి. గాలి కొట్టి, గ్రీజు పూసి, పాత బోల్టునే నాలుగు చుట్లు చేత్తో ఎక్కించి పెట్టండి. కొనడానికి వచ్చినవాడు మొదట వేలితో తిప్పి చూసేది ఆ బోల్టునే.